39 ఏళ్ల జకోవిచ్‌కు వింబుల్డన్ గెలిచే అవకాశం ఎంత? తరచుగా అడిగే ప్రశ్నలు

2026 వింబుల్డన్ జూన్ 29 నుంచి జులై 12 వరకు. టెన్నిస్ చూసేవాళ్లు నలుగురు ఒకచోట చేరితే ఈ రోజుల్లో మాట ఎటు పోయినా చివరికి నొవాక్ జకోవిచ్ దగ్గరికే వస్తుంది. మళ్లీ మళ్లీ వినపడే ప్రశ్నలు, వాటికి నాకు తోచిన జవాబులు ఇవి.

సూటిగా చెప్పండి, గెలుస్తాడా?

గెలవగలడు. కానీ గెలుస్తాడని పందెం కాయమంటే కాయను. అంకె చెప్పమని పట్టుబడితే పదింట ఒక వంతు అంటాను. అది పాత అభిమానంతో ఇస్తున్న మార్కు కాదు. ఇప్పటి ఇద్దరు మేటి కుర్రాళ్లు సినర్‌నో అల్కరాస్‌నో ఏదో ఒక రోజు ఓడించే ఆట అతని దగ్గర ఇంకా ఉంది. శుక్రవారం ఒకరిని, ఆదివారం ఇంకొకరిని, అదీ ఐదు సెట్ల మ్యాచుల్లో ఓడించాల్సి రావడమే చిక్కు. కింద చెప్పే చాలా జవాబులు ఈ చిక్కు చుట్టూనే తిరుగుతాయి.

ఇంకా సాధించాల్సింది ఏముందని ఆడుతున్నాడు?

జకోవిచ్ 1987 మే 22న పుట్టాడు. ఈ వింబుల్డన్ నాటికి 39 నిండుతాయి. గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ టైటిళ్లు 24, మార్గరెట్ కోర్ట్‌తో సమానం. చివరిది 2023 యూఎస్ ఓపెన్. అప్పటి నుంచి 25వది అందినట్టే అంది జారిపోతోంది. వింబుల్డన్ వరకు చూస్తే 2011, 2014, 2015, 2018, 2019, 2021, 2022లలో ఏడు టైటిళ్లు. ఇంకొకటి గెలిస్తే ఫెదరర్ ఎనిమిదికి సమానం. మ్యాచుల లెక్కలోనూ అంతే దగ్గర: 2025 ముగిసేసరికి వింబుల్డన్‌లో జకోవిచ్ విజయాలు 102, ఫెదరర్‌వి 105. ఫైనల్‌కు వెళ్లేలోపే ఆ లెక్క దాటేయవచ్చు.

ఒలింపిక్ స్వర్ణం లోటు కూడా 2024 పారిస్‌లో తీరింది. మోకాలి శస్త్రచికిత్స అయిన రెండు నెలలకు, ఫైనల్లో అల్కరాస్‌ను రెండు టైబ్రేకుల్లో (6-6 దగ్గర సెట్‌ను తేల్చే గేమ్) ఓడించి తెచ్చుకున్నాడు. మిగిలింది ఆ 25 అంకె ఒక్కటే.

ఇంత వయసులో వింబుల్డన్ ఎవరైనా గెలిచారా?

పురుషుల సింగిల్స్‌లో ఒక్కడే ఉన్నాడు, ఆర్థర్ గోర్. 1909లో 41 ఏళ్ల వయసులో గెలిచాడు. అయితే అప్పట్లో ముందటేడు ఛాంపియన్ మిగతా రౌండ్లేవీ ఆడకుండా నేరుగా చివరి మ్యాచ్‌కే దిగేవాడు. గోర్ ఆ ఏడాది ఆడింది ఒకే ఒక్క మ్యాచ్. ఆ సౌకర్యం జకోవిచ్‌కు ఇస్తే నా అంకె పదింట ఒకటి దగ్గర ఆగదు!

1968లో మొదలైన ఓపెన్ శకంలో (ప్రొఫెషనల్స్‌నూ ఆడనిచ్చినప్పటి నుంచి) పెద్ద వయసు వింబుల్డన్ ఛాంపియన్ ఫెదరర్, 2017లో 35 ఏళ్లకు. ఆ ఏడాది అతను ఎర్రమట్టి సీజన్ మొత్తం ఎగ్గొట్టి, తాజా కాళ్లతో వచ్చి ఒక్క సెట్ కూడా ఓడకుండా గెలిచాడు. నాలుగు గ్రాండ్‌స్లామ్‌లనూ కలిపి చూస్తే రికార్డు కెన్ రోజ్‌వాల్‌ది, 1972 ఆస్ట్రేలియన్ ఓపెన్, 37 ఏళ్లు. అంటే జకోవిచ్ ఎక్కడ గెలిచినా కొత్త రికార్డే.

గెలిచినవాళ్ల కంటే ఫైనల్ దాకా వచ్చి ఆగిపోయినవాళ్ల కథలే ఇక్కడ ఎక్కువ పనికొస్తాయి. రోజ్‌వాల్ 1974లో 39 ఏళ్ల వయసులో, అంటే సరిగ్గా ఇప్పటి జకోవిచ్ వయసులో, వింబుల్డన్ ఫైనల్‌కు వచ్చాడు. క్వార్టర్స్‌లో న్యూకోంబ్‌ను కొట్టాడు. సెమీస్‌లో స్టాన్ స్మిత్ మీద రెండు సెట్లు వెనకబడి లేచాడు. ఫైనల్లో 21 ఏళ్ల జిమ్మీ కానర్స్ అతణ్ని 6-1, 6-1, 6-4తో ఊడ్చేశాడు. 2017లో 37 ఏళ్ల వీనస్ విలియమ్స్ ఫైనల్లో ముగురుజాపై తొలి సెట్‌ను 7-5 దాకా లాగింది. రెండో సెట్‌లో ఒక్క గేమ్ కూడా రాలేదు. ఫెదరర్ 40కి నెల రోజుల ముందు, 2021 క్వార్టర్స్‌లో హుర్కాచ్ చేతిలో ఓడినప్పుడు చివరి సెట్ 0-6.

వయసు మీదపడిన ఛాంపియన్‌కు ముందు పోయేది షాట్ కాదన్నమాట. ఫోర్‌హ్యాండ్ అలాగే ఉంటుంది, సర్వీస్ ఒక్కోసారి పడుచు వయసులో కంటే బాగుంటుంది. నిన్న ఖర్చయిన శక్తి ఇవాళ్టికి తిరిగి రావడమే ఆలస్యమవుతుంది.

2025లో నాలుగు గ్రాండ్‌స్లామ్‌లలోనూ సెమీస్ చేరాడు కదా, అది చాలదా?

38 ఏళ్ల వయసులో అది మామూలు సంగతి కాదు, ఆ ఏడాదిని నాలుగో ర్యాంకుతో ముగించాడు కూడా. కానీ ఆ నాలుగు సెమీఫైనల్స్‌లో కలిపి అతను గెలిచిన సెట్లు సున్నా. ఆస్ట్రేలియాలో కండరం చిట్లి జ్వెరెవ్‌తో మొదటి సెట్ అవగానే తప్పుకున్నాడు. పారిస్‌లో (ఫ్రెంచ్ ఓపెన్) సినర్ చేతిలో వరుస సెట్లు, వింబుల్డన్‌లోనూ సినర్ చేతిలో 6-3, 6-3, 6-4, న్యూయార్క్‌లో (యూఎస్ ఓపెన్) అల్కరాస్ చేతిలో వరుస సెట్లు.

ఆస్ట్రేలియా సంగతి కాస్త వివరంగా చూడాలి. క్వార్టర్స్‌లో ఎదురుపడింది అల్కరాస్. కాలు పట్టేసినా, మొదటి సెట్ పోయినా నాలుగు సెట్లలో కొట్టాడు. ఆ గెలుపు బిల్లు సెమీస్‌లో వచ్చింది, మ్యాచ్ పూర్తి చేయలేకపోయాడు. మెడికల్ టైమ్‌అవుట్ తీసుకుంటే నటిస్తున్నాడని ఎగతాళి చేసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఆ రోజు కోర్టు వదిలి వెళ్తుంటే ప్రేక్షకుల్లో కొందరు గేలి కూడా చేశారు. అప్పటికే 24 గ్రాండ్‌స్లామ్‌లు గెలిచినవాడు సెమీఫైనల్‌ను సరదాకి వదులుకుంటాడా?

న్యూయార్క్ ఓటమి తర్వాత, ఐదు సెట్ల మ్యాచుల్లో ఈ ఇద్దరినీ దాటడం ఇకమీదట చాలా కష్టమని తనే ఒప్పుకున్నాడు. చాలామంది దాన్నే ముగింపు ప్రకటన అనుకున్నారు.

మరి 2026 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో సినర్‌ను ఓడించాడు కదా?

ఓడించాడు. అంతకుముందు వరుసగా ఐదు మ్యాచులు సినర్ చేతిలో పోగొట్టుకున్నవాడు, రెండుసార్లు సెట్ వెనకబడి 3-6, 6-3, 4-6, 6-4, 6-4తో లేచాడు. నాలుగు గంటలకు పైగా సాగిన ఆ మ్యాచ్‌లో సినర్‌కు 18 బ్రేక్ పాయింట్లు (అవతలివాడి సర్వీస్ గేమ్‌ను గెలుచుకునే అవకాశాలు) వస్తే అందులో 16 కాపాడుకున్నాడు. 0-40 దగ్గర మొదటి సర్వీస్ గీత మీద పడేలా వేయడం, అవతలివాడు కొట్టిన బంతిని బేస్‌లైన్ (కోర్టు వెనక గీత) మీద నిలబడే తీసుకుని వెనక్కి తగ్గకపోవడం వయసుతో పోయే విద్యలు కావు. ఆ రోజు ర్యాలీల్లో పైచేయి ఎక్కువసేపు సినర్‌దే. పాయింట్ విలువ పెరిగినప్పుడల్లా జకోవిచ్ ఆట ఇంకో మెట్టు ఎక్కింది.

ఇక్కడ రెండు సంగతులు మర్చిపోకూడదు. ఆ సెమీస్‌కు అతను దాదాపు విశ్రాంతితోనే వచ్చాడు. ప్రిక్వార్టర్స్‌లో మెన్షిక్ గాయంతో బరిలోకే దిగలేదు. క్వార్టర్స్‌లో రెండు సెట్లు ఆధిక్యంలో ఉన్న ముసెట్టి గాయంతో తప్పుకున్నాడు. రెండోది ఫైనల్. అల్కరాస్ మీద మొదటి సెట్ 6-2తో దులిపేసి, తర్వాత 2-6, 3-6, 5-7తో ఓడాడు. రెండు రోజుల ముందు రాత్రి ఒంటిగంట దాటాక ముగిసిన మ్యాచ్ తాలూకు బరువు ఆ మూడు సెట్లలో కనిపించింది. రోజ్‌వాల్ కథే మళ్లీ, స్కోరు మాత్రం కాస్త గౌరవంగా ఉంది.

అంత కష్టమైతే అందరూ వింబుల్డనే అతని ఆఖరి ఆశ అంటారెందుకు?

గడ్డి మీద పాయింట్లు పొట్టిగా ముగుస్తాయి కాబట్టి. ఎర్రమట్టి మీద బంతి నెమ్మదించి, పైకి లేచి, అవతలివాడికి అందుతుంది. ఒక్కో పాయింట్‌కు నాలుగైదుసార్లు గెలవాల్సి వస్తుంది. గడ్డి మీద బంతి తక్కువ ఎత్తులో జారుకుంటూ పోతుంది. మంచి సర్వీస్, దాని తర్వాత ఒక్క గట్టి షాట్, పాయింట్ అయిపోయింది. జకోవిచ్ సర్వీస్ ముప్పై దాటాకే పదునెక్కింది. వేగం కంటే చోటు చూసి వేస్తాడు. 39 ఏళ్ల కాళ్లకు అలాంటి ఉచిత పాయింట్ ఒక్కొక్కటీ ఆదానే.

రెండో కారణం రిటర్న్. గడ్డి మీద సర్వీస్‌ను తిరిగి ఆడడమే చాలామందికి గండం. జకోవిచ్ బంతిని కాళ్ల దగ్గరే, పొట్టి స్వింగ్‌తో, సర్వ్ చేసినవాడి పాదాల వైపు తిప్పి పంపుతాడు. ఇది కండబలం కాదు. అవతలివాడు బంతి ఎగరేసే తీరు చూసి అరక్షణం ముందే ఎటు పడుతుందో పసిగట్టడం, ఇరవై ఏళ్ల అలవాటు. ఇంకా గడ్డి మీద సెట్లు తరచూ టైబ్రేక్‌కు వెళ్తాయి. అక్కడ అతని నరాల సంగతి వేరే చెప్పాలా? 2019 ఫైనల్లో ఫెదరర్ మొత్తం 218 పాయింట్లు గెలిస్తే జకోవిచ్ 204 గెలిచాడు. ఏస్‌లు, విన్నర్లు అన్నీ ఫెదరర్‌వే ఎక్కువ. ఐదో సెట్‌లో 8-7, 40-15 దగ్గర ఫెదరర్‌కు రెండు ఛాంపియన్‌షిప్ పాయింట్లు కూడా వచ్చాయి. కప్పు మాత్రం మూడు టైబ్రేకులూ గెలిచినవాడికి వెళ్లింది.

మూడోది, కుర్రాళ్లకు గడ్డి మీద అనుభవం తక్కువ, ఏడాదిలో అయిదారు వారాలే ఆ ఆట. అయితే ఈ వాదన రోజురోజుకూ పలచబడుతోంది. అల్కరాస్ 2023, 2024లలో ఇక్కడ గెలిచాడు, 2025లో సినర్ గెలిచాడు. ఇద్దరికీ గడ్డి మర్మం తెలిసిపోయింది.

ఇప్పటి వింబుల్డన్ గడ్డి పాతకాలంలా లేదంటారు, నిజమేనా?

నిజమే. 2001 నుంచి పూర్తిగా రై గడ్డే వేస్తున్నారు. నేల గట్టిపడింది, బంతి మునుపటి కంటే నికరంగా లేస్తోంది. అందుకే సర్వ్ చేసి నెట్ దగ్గరికి పరుగెత్తే ఆట తగ్గి బేస్‌లైన్ ఆట పెరిగింది. జకోవిచ్ ఏడుసార్లు గెలవడానికి ఇది కూడా కారణం, ఇప్పుడు సినర్, అల్కరాస్‌లు గెలవడానికీ ఇదే కారణం. టోర్నీ అంతా గడ్డిని 8 మిల్లీమీటర్ల ఎత్తులో కత్తిరించి ఉంచుతారు. మొదటి వారం పచ్చగా, చెమ్మగా, జారుడుగా ఉంటుంది. రెండో వారానికి బేస్‌లైన్ వెనక గడ్డి అరిగిపోయి మట్టి బయటపడుతుంది, అక్కడ కాలు పట్టు దొరుకుతుంది.

అంటే మొదటి వారం జారిపడే ప్రమాదమే ఎక్కువా?

మొదటి వారం తప్పకుండా జాగ్రత్తగా ఉండాలి, కానీ అతణ్ని దెబ్బతీసింది రెండో వారమే. 2025 క్వార్టర్స్‌లో కొబొల్లిపై గెలవబోతుండగా కాళ్లు రెండూ విడిపోయి జారిపడ్డాడు. రెండు రోజులకు సినర్‌తో సెమీస్‌లో ఆ కాళ్లు సహకరించలేదు. హార్డ్ కోర్టు మీద ఆడినట్టే గడ్డి మీద కూడా జారుతూ, కాళ్లు బార్లా చాపి బంతి అందుకోవడం జకోవిచ్ ప్రత్యేకత. పాతికేళ్లప్పుడు అది వరం. 2024 ఫ్రెంచ్ ఓపెన్‌లో చిరిగిన కుడి మోకాలి మెనిస్కస్‌కు (కీలులో మెత్తలా ఉండే మృదులాస్థి) జూన్ 5న శస్త్రచికిత్స చేయించుకుని, జులై 14న వింబుల్డన్ ఫైనల్ ఆడినవాడి కాళ్లకు అది రిస్కే. (ఆ ఫైనల్ 2-6, 2-6, 6-7తో పోయింది. అసలు ఆడడమే విడ్డూరం.)

వాన పడి సెంటర్ కోర్టు పైకప్పు మూస్తే లోపల తేమ పెరిగి జారుడు ఇంకాస్త ఎక్కువవుతుంది. గాలి ఉండదు కాబట్టి సర్వీస్‌కు లాభమే, కాబట్టి పైకప్పు అతనికి మంచిదో చెడ్డదో తేల్చి చెప్పలేం.

గడ్డి మీద అతని రికార్డు చూసి సీడింగ్ పెంచరా?

ఒకప్పుడు పెంచేవారు. (సీడ్ అంటే బలమైన ఆటగాళ్లు తొలి రౌండ్లలోనే తలపడకుండా ఇచ్చే వరుస సంఖ్య.) పురుషుల సింగిల్స్‌లో గడ్డి కోర్టు ఫలితాలకు అదనపు పాయింట్లు కలిపి సీడింగ్ ఇచ్చే సూత్రం ఉండేది. 2021 నుంచి దాన్ని తీసేశారు, ఇప్పుడు ర్యాంకే సీడ్.

వినడానికి చిన్న విషయంలా ఉంటుంది గానీ జకోవిచ్ విషయంలో డ్రా (ఎవరితో ఎవరు ఆడాలో చెప్పే పట్టిక) అంతా దీని మీదే. మొదటి నాలుగు సీడ్‌లలో ఉంటే ఒకటో, రెండో సీడ్‌లు సెమీస్ వరకు ఎదురుపడరు. ఐదు నుంచి ఎనిమిది మధ్య ఉంటే క్వార్టర్స్‌లోనే తగలొచ్చు. 2025 ఆస్ట్రేలియాలో అతను ఏడో సీడ్, అందుకే క్వార్టర్స్‌లోనే అల్కరాస్. 2026లో అక్కడే నాలుగో సీడ్, కాబట్టి సెమీస్ దాకా వాళ్లిద్దరూ తగల్లేదు. డ్రా బయటికి వచ్చిన రోజు నేనైతే మొదట చూసేది అతని పేరు పక్కనున్న అంకె. మొదటి రౌండ్ ప్రత్యర్థి ఎవరన్నది ఆ తర్వాత.

సినర్, అల్కరాస్‌లలో ఎవరు డ్రాలో అవతలి వైపు ఉంటే మేలు?

ఇద్దరిలో ఒకరు ముందే ఓడిపోతే మేలు! అది కుదరకపోతే, సెమీస్‌లో సినర్, ఫైనల్లో అల్కరాస్ అనే వరుస మాత్రం వద్దంటాను. ఆస్ట్రేలియాలో జరిగింది అదే వరుస. సినర్ బంతిని ఒకే లయలో, ఒకే బరువుతో కొడతాడు. ఆ లయలో ఉండి ఆడడానికి విపరీతమైన శక్తి కావాలి గానీ ఏం వస్తుందో తెలుస్తుంది. అల్కరాస్‌తో ఏం వస్తుందో తెలియదు. డ్రాప్ షాట్‌కు ముందుకు, లాబ్‌కు వెనక్కి పరుగెత్తిస్తాడు. అలిసిన కాళ్లకు రెండోదే నరకం. అందుకే అల్కరాస్‌ను ముందే, కాళ్లు తాజాగా ఉన్నప్పుడు ఎదుర్కోవడం మంచిదని నాకనిపిస్తుంది. నాతో విభేదించేవాళ్లు 2025 వింబుల్డన్ సెమీస్ స్కోరు చూపిస్తారు, వాళ్ల మాటలోనూ బలం ఉంది.

2023 ఫైనల్లో మూడో సెట్‌లో అల్కరాస్ జకోవిచ్ సర్వీస్‌ను బ్రేక్ చేసిన ఒక్క గేమ్ 13 డ్యూస్‌లతో (40-40 సమం) దాదాపు అరగంట సాగింది. ఆ మ్యాచ్ ఐదో సెట్ 6-4 దాకా వెళ్లి ఓడాడు. 2013 ఫైనల్లో ముర్రే చేతిలో పోయాక సెంటర్ కోర్టులో అతనికి అదే తొలి ఓటమి. అప్పటికి 36 ఏళ్లు.

ముందు ఒక్క గడ్డి టోర్నీ కూడా ఆడకుండా నేరుగా వచ్చేస్తాడు, అది తప్పు కాదా?

అతని విషయంలో కాదు. 2018 క్వీన్స్ క్లబ్ ఫైనల్లో చిలిచ్ చేతిలో ఓడాక, 2025 వరకు వింబుల్డన్‌కు ముందు గడ్డి మీద ఏటీపీ (పురుషుల ప్రొఫెషనల్ టూర్) సింగిల్స్ ఆడనే లేదు. అలా వచ్చే 2019, 2021, 2022లలో గెలిచాడు. ఈ వయసులో ఇంకో వారం ఆట కంటే ఇంకో వారం విశ్రాంతే విలువైనది.

సెమీస్‌కు ముందు మ్యాచుల్లో ఏం చూస్తే తర్వాతి సంగతి తెలుస్తుంది?

గెలిచాడా లేదా అన్నది కాదు, ఎన్ని సెట్లలో గెలిచాడన్నది చూడండి. 2025లో డిమినార్‌పై మొదటి సెట్ 1-6తో పోగొట్టుకుని నాలుగు సెట్లు ఆడాడు, కొబొల్లిపై మళ్లీ మొదటి సెట్ పోయి నాలుగు సెట్లు. మొదటి ఐదు మ్యాచుల్లో అదనంగా ఆడిన ప్రతి సెట్టూ సెమీస్‌లో అప్పుగా కనపడుతుంది. ఇంకొకటి, రెండో సర్వీస్ వేశాక అతని మొదటి అడుగు. బేస్‌లైన్ లోపలికి పడితే ఒళ్లు బాగున్నట్టు. వెనక్కి పడుతుంటే, పాయింట్ గెలిచినా సరే, నాకు టెన్షన్ మొదలవుతుంది.

ప్రేక్షకుల మద్దతు ఈసారి ఉంటుందా?

ఉంటుంది. ఫెదరర్, నాదల్ ఉన్నన్నాళ్లూ స్టేడియం అతనిది కాలేదు. 2019లో జనం రోజర్ అని అరుస్తుంటే తన చెవికి నొవాక్ అని వినపడేలా మనసుకు చెప్పుకున్నానన్నాడు. ఇప్పుడు వయసైపోయిన వీరుడి మీద జనానికి ఉండే ప్రేమ అతనికీ దక్కుతోంది. అయితే ఎగతాళి చేసినప్పుడే బాగా ఆడే మనిషి ఇతను, కాబట్టి ఈ ప్రేమ వల్ల లాభమెంతో చెప్పలేను.

ఓడితే రిటైరైపోతాడా?

2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో సెర్బియాకు ఆడాలని ఉందని చాలాసార్లు చెప్పాడు. ఆ మాట మీద ఉంటే ఇది ఆఖరి వింబుల్డన్ కాకపోవచ్చు.

మన దగ్గర మ్యాచులు ఏ టైముకు వస్తాయి?

బయటి కోర్టుల్లో ఆట మన మధ్యాహ్నం 3:30కి, సెంటర్ కోర్టులో సాయంత్రం 6 గంటలకు మొదలవుతుంది. జకోవిచ్ మ్యాచ్ మూడోదిగా వేస్తే అర్ధరాత్రి దాటడం ఖాయం. అక్కడ రాత్రి 11 తర్వాత ఆట సాగనివ్వరు, అంటే మనకు తెల్లవారుజామున 3:30. ఫైనల్‌ను 2025 నుంచి అక్కడి సాయంత్రం 4 గంటలకు మార్చారు, మనకు రాత్రి 8:30. ఐదు సెట్లు సాగితే ఒంటిగంట దాటుతుంది, సోమవారం పొద్దున్నే ఆఫీసు ఉన్నవాళ్లు ముందే చూసుకోండి. అమెరికాలో ఉన్న మనవాళ్లకు అయితే ఫైనల్ ఆదివారం ఉదయం, తూర్పు తీరంలో 11 గంటలకు, కాలిఫోర్నియాలో 8 గంటలకు.